మునియన్ పడవ కోసింది మా అన్నే

ముఖం ఎందుకు అట్ల పెట్టుకోనుండావవ్వా అంటావా? ఇంకెట్ల పెట్టుకోవల్ల మరి? రా జననీ, ఇట్ల కూర్చో, ఆ చిక్కుడుకాయలు ఈడ పెట్టు, ఇద్దరం తుంచుదాం. పొద్దున బీపీ మాత్రలకని కదిర్కామం పెద్దాసుపత్రికి పోయినా గదా, ఆడ నా ముందు బెంచీలో ఎవరు కూర్చోనుండారో తెలుసా? కురుచికుప్పం మునియన్. చేపలు పట్టే మునియన్. పక్కన పెండ్లాం పొన్నమ్మాళ్. నన్ను చూసినాడు. చూసి, ఊరికే ఉండచ్చు గదా? చుట్టూ ఉండే జనానికంతా వినపడేటట్టు, 'ఇదో, ఈయమ్మ అన్నే నా పడవను రెండు ముక్కలుగా కోసినోడు! సునామీ నన్ను వదిలిపెట్టింది, ఈయమ్మ అన్న వదల్లేదు' అన్నాడు. బెంచీల్లో ఉండేవాళ్లంతా తిరిగి నన్నే చూసినారు, నేనేదో ఎవరి మెడలోనో గొలుసు తెంపుకోని వచ్చినట్టు. మా అన్న పోయి పదహారేండ్లు అయింది మే! పోయినోడు వచ్చి జవాబు చెప్తాడా?

నీకు ఆయన తెలీదు. సుందరమూర్తి, నాకు అన్న, నీకు పెద్దతాత. తట్టాంచావడిలో, ఇప్పుడు టైర్ల అంగడి ఉండాదే, ఆడ ఆయన షెడ్డు. ఫైబర్ బోట్లు బాగు చేసేవాడు. మన ఇండ్లల్లో అందరూ పొలమో, అంగడో, గవర్నమెంటు ఉద్యోగమో చూసుకుంటే ఈయన మాత్రం ఒళ్లంతా దురద పుట్టించే ఆ పనికి పోయినాడు. చొక్కా విప్పితే మెడంతా ఎర్రగా దద్దుర్లు. ఫైబర్ అంటించే ఆ రెసిన్ మందు వాసన ఉండాదే, అన్నం గిన్నెలోకి కూడా వచ్చేది. మా వదిన అదే చెప్పి చెప్పి తిట్టేది, 'మల్లెపూలు తెచ్చినా మీ మందు వాసనే వస్తాది' అని. పాపం, ఆమే ముందు పోయింది. ఆ పైన మధ్యాన్నం అన్నం నేనే ఎత్తుకోని పోయేదాన్ని. పోయినాక నాకు ఒక పని ఉండేది. చాక్‌పీసు పట్టుకోవడం. నవ్వకు మే. విరిగిన పడవ వస్తే మా అన్న మొదట ఏం చేస్తాడంటే, ఒక రూపాయి బిళ్ల తీసుకోని ఆ పడవను ముక్కు కాడ నుంచి వెనక దాకా జానెడు జానెడు తట్టుకుంటా పోతాడు. గట్టిగా ఉండే చోట టంగుమంటాది. లోపల పొరలు విడిపోయిన చోట తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు బొద్‌మంటాది. అట్ల అన్నచోట చెయ్యి చాపుతాడు, నేను చాక్‌పీసు ఇస్తాను, ఆయన గీత గీస్తాడు. కంటికి కనిపించే పగులు పెద్ద పగులు కాదు పట్టూ, చెవికి వినిపించేదే పగులు అనేవాడు. నన్ను పట్టూ అనే పిలిచేవాడు. నేను చదివింది అయిదో తరగతి, నాకు ఇంకేమీ రాదు, ఆ శబ్దం మాత్రం ఈ పొద్దు కూడా కండ్లు మూసుకోని చెప్తాను.

సరే, మునియన్ కథకు వస్తాను. సునామీ అయిన మరుసటేడు ఏదో సంఘం వాళ్లు ఇచ్చినారు ఆయనకు ఆ పడవ. తెల్లగా, కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండేది. ఇంటికి ఒకటే ఇస్తారు, పోతే మళ్లీ ఇయ్యరు. ఏడాది తిరిగిందో లేదో, ఒక పొద్దు ఒడ్డుకు వస్తా ఉంటే అల ఎత్తి ఆ నల్ల రాళ్ల మీద కొట్టింది. ఇసుకంతా సముద్రం తినేసినాక గవర్నమెంటోళ్లు కుప్పలు కుప్పలుగా పోసినారే, ఆ రాళ్లే. వాళ్ల విమల్ కూడా అందులోనే ఉండాడు, ఒకే కొడుకు, ఇరవైరెండేండ్లోడు. చెయ్యి విరిగింది. పడవకు ముక్కు పగిలింది, కింద వెన్నులో మూరెడు చీలిక. అది అప్పుడే తెచ్చుంటే ఏమీ లేదు. మా అన్నకు వారం పని. తెచ్చినాడా? ఆడి నెల మే, మన ఆషాఢం మాదిరి! ఆడి నెలలో పని మొదలు పెట్టకూడదంట. సరే, పెట్టొద్దు. ఒక మూల ఎండకు బోర్లించి పెట్టచ్చు గదా? అదీ లేదు. గాయమైన పడవను నలుగురు చూడకూడదని, పసుపునీళ్లల్లో ముంచిన గుడ్డలు ఆ చీలికలో కుక్కినారు. మనిషికి కట్టు కట్టినట్టు! ఎండితే మళ్లీ తడిపేది, ఎండితే మళ్లీ తడిపేది. నెల రోజులు. ఫైబర్ లోపల వెన్నుకు చెక్క ఉంటాది, ఆ చెక్క నెల రోజులు నీళ్లు తాగింది. ఆ మాట ఆసుపత్రిలో చెప్పినాడా మునియన్? చెప్పడు. అది చెప్పడు.

ఆడి పోయి ఆవణి నెల పుట్టిన మొదటి రోజే ట్రాక్టర్‌లో వేసుకోని వచ్చినాడు. అన్న గుడ్డలు పీకినాడు, ఒక వాసన వచ్చింది, కుళ్లిన టెంకాయ మాదిరి. బిళ్ల తీసి తట్టినాడు. బొద్, బొద్, బొద్. నేను చాక్‌పీసు ఇయ్యడం, ఆయన గీయడం, చూస్తే వెన్ను పొడుగునా ఒకటే గీత. అన్న లేచి నిలబడి, 'మునియా, ముక్కు చేసిస్తా, వెన్ను నా చేత కాదు. ఇది బాగు చేసే పడవ కాదు. దీన్ని వదిలిపెట్టు' అన్నాడు. వదిలిపెట్టమంటే వదుల్తాడా? ఒక్కటే అరుపు. 'మందు పూసి గుడ్డ అంటించేదానికి ఇంత శాస్త్రమా? నువ్వు సముద్రంలో కాలు పెట్టినోడివి కాదు, నాకు పడవ గురించి చెప్తావా? నువ్వు చెయ్యకపోతే పో, పుట్టీ పూసి రంగు కొట్టి ఇచ్చేవాళ్లు నలుగురుండారు. ఎల్లుండి పొద్దున ట్రాక్టర్ తెస్తా, ఎత్తుకోని పోతా' అని పోయినాడు. అన్న ఆ పొద్దంతా పడవ చుట్టూ తిరిగినాడు. కింద అంతా కోసి కొత్తగా వేస్తే? చెక్క మారిస్తే? మళ్లీ తడతాడు, మళ్లీ కాదని తల అడ్డంగా ఊపుతాడు. పెట్టిన అన్నం అట్లే ఉండాది.

మరుసటి రోజు మధ్యాన్నం వచ్చింది పొన్నమ్మాళ్. అవును, ఆమే. ఈ పొద్దు బెంచీలో మునియన్ పక్కన కూర్చోనుండిన ఆమె. తలమీద చేపల గంప, అమ్మకానికి పోయేదాని మాదిరి వచ్చి, గంప దించి, షెడ్డు లోపలికి వచ్చి మా అన్న కాళ్లకాడ కూర్చున్నాది. 'అన్నా, నువ్వు చేసిచ్చినా ఈయన పోతాడు, చెయ్యకపోయినా ఇంకోడి కాడ పూయించుకోని పోతాడు. బిడ్డకు చెయ్యి కట్టు విప్పుతానే వాడినీ ఎక్కిస్తాడు. అది ఉంటే పోతారు. అది ఉండకూడదన్నా' అనింది. ఎంత మెల్లగా అనింది తెలుసా, అరిచింటే నాకు ఇంత గుర్తుండేది కాదు. అన్న, 'నువ్వు చెప్పమ్మా మీ ఆయనకు' అన్నాడు. 'చెప్తే నన్ను కొట్టి చంపుతాడు. నేను వచ్చినట్టు కూడా తెలీకూడదు' అనింది. ఆమె పోయినాక అన్న నా పక్క తిరిగి, 'పట్టూ, ఈడికి ఎవరూ రాలేదు. నువ్వు ఎవరినీ చూడలేదు' అన్నాడు. నేను తల ఊపినా.

తెల్లారి ఏడు గంటలకు కటింగ్ మిషన్ పెట్టినాడు. గీత మీదనే. అరగంట. తొమ్మిదికి మునియన్ ట్రాక్టర్‌తో వచ్చి చూస్తే పడవ రెండు పక్కలకు పడుండాది, నడిమధ్య చెక్క నల్లగా, వేలు పెడితే పొడి పొడిగా రాలతా. చూడు మునియా, ఇదో చూడు అని అన్న చూపిస్తే చూసినాడా? దుమ్మెత్తి ముఖాన పోసినాడు. సాయంత్రానికి వాళ్ల కుప్పం, ఆ చేపలోళ్ల పేట నుంచి నలభై మంది. 'ఎవరినడిగి కోసినావురా?' అన్నారు. ఎవరినీ అడగలా, నేనే కోసినా, అన్నాడు మా అన్న. అదొక్కటే మాట! ఎన్నిసార్లు అడిగినా అదే మాట! మునియన్ ఆ పైన ఇంకోడి పడవలో కూలీకి పోయినాడు, నిజమే, నేను కాదనడంలే, సొంత పడవ ఉండినోడికి అది కష్టమే. కానీ మా అన్న సంగతి? ఒక్కడూ మళ్లీ పడవ తేలేదు. పడవ కోసినోడు, పడవ కోసినోడు. బాత్‌రూం తలుపులు చేసుకుంటా బతికినాడు, ఆ చేతులతో! పోయిన రోజు కుప్పం నుంచి ఒక్క మనిషి రాలా. వీధి చివర కరెంటు స్తంభం కాడ ఈ పొన్నమ్మాళ్ ఒక్కతే నిలబడుకోనుండింది, లోపలికి రాలా.

ఈ పొద్దు విమల్ కూడా వచ్చుండాడు, చెప్పలేదు గదా నీకు. చంకలో బిడ్డను ఎత్తుకోని, నాయనకు టోకెను తెచ్చిచ్చినాడు. తల కాస్త నెరిసింది. మునియన్ అట్ల అరస్తా ఉంటే పొన్నమ్మాళ్ ఏం చేసింది తెలుసా? మనవడి ముక్కు తుడిచింది. కొంగుతో, మెల్లగా, ఎంతసేపు తుడిచిందంటే, వాడు ఏడుపు మొదలుపెట్టినాడు. ఒక్క మాట, మే! 'పాత కథ ఎందుకు, నోరు మూసుకో' అని మొగుడిని ఒక్క మాట అనచ్చు గదా? ఇప్పుడు కూడా కొడతాడా? నాలుగడుగులు నడిస్తే ఆయాసం, ఆయన కొడతాడా? నా పక్క ఒకసారి చూసింది. చూసి తల దించుకున్నాది. మనుషులేనా వీళ్లు!

ఏంది? నేనేమన్నానా?

నేను ఏమంటాను... నోటిదాకా వచ్చింది. ఆడుండినోళ్లంతా నన్నే చూస్తా ఉండారు. నా నెంబరు పిలిచినారు, లేచి లోపలికి పోయినా.

ఊరికే నన్ను చూస్తా కూర్చోక లే, మిద్దె మీద బట్టలుండాయి, చినుకులు పడేటట్టుండాది.