పిజ్జా కింద రాసిన మాట

తల్లి పోయిన ఏడాదికి కూతురు వంటింటి అటక దులుపుతుంటే ఆవిడ వంటల పుస్తకం దొరికింది. తండ్రి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పాత పేపర్లలో పడెయ్యి. దేశదేశాల వంటలన్నీ నా మీదే ప్రయోగించింది.”

“ప్రతి వంట కిందా నువ్వన్న మాట రాసింది నాన్నా. ఇటలీ పిజ్జా: ‘రొట్టె మీద కూర ఒలకబోశావేంటి?’”

“అన్నాను. తప్పా?”

“దాని కింద: ‘అయిదు ముక్కలు తిన్నారు.’”

“ఆకలేసింది.”

“జపాను సుషీ: ‘చేపని పొయ్యి మీద పెట్టడం మర్చిపోయావా?’ కింద: ‘పిల్లలకి మిగల్చలేదు.’”

“నోరు లేని మనిషనుకున్నాను. ఇంత రాసిందా!”

“స్పెయిన్ వాళ్ల రొయ్యలన్నం, పాయెల్యా, దాని కింద మాత్రం ఖాళీ.”

“చేస్తానంటే వద్దన్నాను. ఇంక నన్ను దేశాలు తిప్పకు అన్నాను.”

కూతురు పుస్తకం చూసి రొయ్యలతో ఆ అన్నం వండి, మధ్యాహ్నం కంచంలో వడ్డించింది.

“అడుగంటింది.”

“అలా అడుగంటాలనే అమ్మ రాసింది నాన్నా.”

“పెన్నెందుకు తీశావు?”

“నువ్వన్న మాట రాయాలిగా.”

“రాసుకో. కింద మాట మాత్రం అప్పుడే రాయకు. ముందు ఆ మాడు గీకి నా కంచంలో వెయ్యి.”