గాలి ఎటుందో చూసి

కోత అయిపోయిన చేలో ఎండిన వరి కొయ్యకాళ్ళ మధ్య నిలబడి, పెద్దాయన చిటికెడు మట్టి తీసి గాలిలోకి వదిలాడు. మట్టి తూర్పుకి ఎగిరింది. ఆయన మనసు కుదుటపడింది.

"పొగ మన ఇళ్ళ మీదికి రాదు. తగలబెట్టేద్దాం, అగ్గిపెట్టె ఇటివ్వరా బావమరిదీ."

"తూర్పున జనం లేరా బావా?"

"కాలువ అవతల కొత్త ఇళ్ళేగా! ఏటా వాళ్ళకి పంపుతున్నదే. ఒక్కడైనా వచ్చి అడిగాడా?" అన్నాడు పెద్దాయన పుల్ల గీస్తూ.

"ఈసారి అడుగుతారేమో."

"ఎవరు?"

"నీ కూతురు. పట్నం పొగకి పిల్లాడి ఆయాసం తగ్గట్లేదని డాక్టరు గాలి మార్చమన్నాడుగా. మీ ఇంట్లో చోటు చాలదని పొద్దున ఆ కొత్త ఇళ్ళలోనే అద్దెకి దిగిందట. అక్క ఇప్పుడే ఫోన్ చేసింది."

పుల్ల వేలిదాకా కాలింది. పెద్దాయన దాన్ని కిందపడేసి చెప్పుతో నలిపాడు.

"గాలి తిరిగేదాకా ఆగుదాం."

"తిరిగితే మన ఇళ్ళు. ఇంకాస్త తిరిగితే బడి. ఎటు పంపుదామో నువ్వే చెప్పు."

"అయితే దున్నించేద్దాం. ట్రాక్టరతనికి ఫోన్ చెయ్యి."

"దున్నేసరికి అదును దాటిపోతుందని నిన్ననే కదా నన్ను తిట్టావు! వానలు మునుపటిలా మన కోసం ఆగట్లేదన్నావు."

"దాటితే దాటనీ."

"మనవడు కాబట్టి దాటనిస్తున్నావు. నిరుడు ఆ ఇళ్ళలో పిల్లలు లేరా బావా?"

పెద్దాయన అలవాటు కొద్దీ మళ్ళీ చిటికెడు మట్టి తీశాడు. ఈసారి గాలిలోకి వదలకుండా కాళ్ళ దగ్గరే రాల్చేశాడు.

"ఉండే ఉంటారు. ఫోన్ ఇటివ్వు, ట్రాక్టరతనితో నేనే మాట్లాడతాను."