చవక టీవీలో బొమ్మ

కువైట్ నుంచి వచ్చీ రాగానే ఆమె పెన్‌డ్రైవ్ పట్టుకుని అల్లూరులో టీవీల షాపుకు వచ్చింది.

“అన్నా, అన్నిటికంటే చవక టీవీలో ఇది వెయ్యి. బొమ్మ ఎట్ల వస్తాదో చూడాల.”

“పెళ్లి వీడియోనా అక్కా?”

“మా చెల్లెలి సమాధి కార్యక్రమం. జ్వరంతో పోయిందని దాని మొగుడు చెప్పినాడు. ఫోన్లో మొహం కూడా సరిగా ఆనలేదు.”

“ఇది చిన్న టీవీ అక్కా. మరీ తేటగా రాదు.”

“శవం పెట్టె మూసేముందు ఆపు. దీంట్లో పెద్దది చేసి చూడొచ్చా?”

“చూడొచ్చు. మొహం దగ్గరికి తెస్తా.”

“మొహం కాదన్నా. పూలదండ పైన, మెడ. కమిలినట్టుందేమో చూడు. నా కండ్లకు నీళ్లు అడ్డమొస్తా ఉండాయి.”

అతను బొమ్మ పెద్దది చేసి టీవీ దగ్గరికి వంగాడు.

“ఏందన్నా, బొమ్మ బాగలేదా? పోనీ, ఖరీదైన దాంట్లో వెయ్యి.”

“అక్కర్లేదక్కా. దీంట్లోనే కనపడతా ఉండాది.”