తామ్ బాబాయ్ పట్టిన ఎండ

నన్నే అడిగి మంచిపని చేశావమ్మా న్యాన్. మూడు రొయ్యల చెరువుల్లో రెండు పోయి ఒక్కటే మిగిలింది నీకు, రేపు అందులో రొయ్యపిల్లల్ని వదలాలి. డీజిల్ ఇంజిన్ తీసేసి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లకి సోలార్ పెట్టించనా అంటున్నావు. కాఫీ తాగు, చెబుతా. గొప్పలు చెప్పుకునే మనిషిని కాదుగానీ, ఈ బాక్‌లియూ ప్రాంతంలో ఎండ సంగతి నాకంటే తెలిసినవాడుంటే వాడు సూర్యుడే.

సోలార్‌లో మూడు రకాలూ వాడి వదిలేశాను. మొదట నల్ల పలకలు. నాలుగే పెట్టా, అబద్ధమెందుకు. గళ్ళ కండువాతో అలా తుడిచానో లేదో కరెంటు పొంగింది, ఫ్యాను తిరిగిన తిరుగుడికి ఇంటికప్పు లేచి కాలవ అవతల పడింది.

కప్పు పోయింది గాలివానకి కదా అన్నాడు కాఫీకొట్టు లాం. నువ్వు పాలు కలపరా అన్నాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పలకలు బరువని పల్చటి రేకు తెప్పించా, చాపలా చుట్టేయొచ్చు. కాకపోతే పలకంత కరెంటివ్వదు, చోటెక్కువ కావాలి. చోటెక్కడిది? బాతులకి తొడిగా. మూడొందల బాతులు కాలవలో ఈదుతుంటే ఊళ్ళో టీవీలన్నీ మోగాయి. మబ్బు పడితే అవే ఎండున్న ఊరికి ఈదుకుంటూ పోయేవి.

అదంతా పిల్లలాట. అసలుది అద్దాలు. రెండొందల అద్దాలు గట్టుమీద నిలబెట్టి, ఎండనంతా ఒక్క ఉప్పుకుండ మీదికి తిప్పా. ఉప్పు కరిగి గంజిలా తెర్లింది. పలక పొద్దుగూకితే పడుకుంటుంది, కరిగిన ఉప్పు వేడి పట్టుకునే ఉంటుంది. ఆ వేడికి ఆవిరి, ఆవిరికి చక్రం, చక్రానికి కరెంటు. వారం ఎండ ఒక్కరోజులో పట్టేశా. సూర్యుడు గుమ్మంలోకొచ్చి, కాస్త మిగల్చు బాబాయ్, పక్క ఊళ్ళకి కూడా పోవాలన్నాడు. పాపం, కూర్చోబెట్టి చేపల పులుసుతో అన్నం పెట్టి పంపా.

అందరూ నవ్వారు. న్యాన్ నవ్వలేదు.

"బాబాయ్, నిరుడు నువ్వు ఇంజిన్ అమ్మేసి పలకలొక్కటే పెట్టావు. నీ చెరువంతా ఒక్క రాత్రిలో చచ్చింది. ఇప్పుడు ఎవరివో పలకలు కడిగే కూలికి పోతున్నావు. నేను నవ్వడానికి రాలేదు. రొయ్యలు ఎన్ని గంటలకి చచ్చాయో చెప్పు."

లాం నావైపు చూడకుండా గ్లాసులు కడుగుతున్నాడు.

"తెల్లవారుజామున మూడున్నరకి," అన్నాను. "నీళ్ళలో గాలి లేక పైకొచ్చి కొట్టుకున్నాయి. పొద్దు పొడుస్తుందని గట్టుమీదే నిలబడి చూశాను. పలకలకి ఎండ తగిలేసరికి ఒక్కటీ మిగల్లేదు. పగలు పలకలు వాడుకో న్యాన్. ఇంజిన్ మాత్రం తియ్యకమ్మా."