ఎండ మడత

వీధి మొగలో ఇస్త్రీ బండి. వెనక తాత, ముందు మనవరాలు. ఇంకో గంటలో, నాలుగింటికి, గ్రంథాలయంలో సభ.

“నవ్వకు తాతా! ఒక్క ఇంటివాళ్ళూ గట్టిగా వస్తామనలేదు.”

“నవ్వట్లేదే. పళ్ళు పెద్దవి, నోరు మూతపడదు. ఏమన్నారేంటి?”

“చూస్తాం అన్నారు. వీలైతే అన్నారు. మూడో ఇంటావిడైతే తలుపు సందులోంచే ‘మా ఆయన్ని అడగాలి’ అంది.”

“వాళ్ళాయన ఎక్కడున్నాడు?”

“పక్కనే నిలబడ్డాడు!”

“అదీ మగతనం...”

“నవ్వకన్నానా! ఇవాళ సభలో ఆఫీసరు ఎత్తిన చేతులు లెక్కపెట్టి తేల్చేస్తాడు. బొగ్గు డిపో పక్కనున్న ఖాళీ జాగా మన సోలార్ పలకలకిస్తారో, ఆ డిపోకే ఇస్తారో. మనవాళ్ళు రాకపోతే అదీ బొగ్గుకుప్పే. ఇప్పటికే ఆ బొగ్గుపొడికి చెల్లి దగ్గుతూంటే ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు.”

“బొగ్గుపొడి సంగతి నాకు చెప్తున్నావా? మన తెల్లకోడి నల్లబడిపోతే కాకులు పెళ్ళిచూపులకు రాలేదూ?”

“మనకి కోడే లేదు తాతా.”

“ఎందుకుంటుంది? కాపురానికి వెళ్ళిపోయింది.”

“నీ కోతలు తర్వాత. అసలు జనం రాకపోవడానికి కారణం నువ్వే.”

“నేనా?”

“నువ్వే! డిపో ఆయన వీధంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ‘ఆ పిల్ల ఎండతో ఊరు నడిపిస్తుందట. ముందు వాళ్ళ తాత ఇస్త్రీపెట్టెలో చూడండి, నా బొగ్గే! ఎండ కరెంటుతో ఒక్క చొక్కా ఇస్త్రీ చేయించమనండి చూద్దాం’ అని. అందరూ నవ్వుతున్నారు.”

“బాగానే అన్నాడు.”

“బాగానే అన్నాడా!”

“ఎండ గురించి ఆయనకేం తెలుసు? నా కుర్ర వయసులో ఒక ఎండాకాలం...”

“మొదలెట్టావా?”

“తడి దుప్పటి ఇలా విదిలించానే, నేల తాకేలోపు ఆరిపోయి, తనంతట తనే నాలుగు మడతలు పడి, నా చంకలోకొచ్చి కూర్చుంది.”

“నెలనుంచీ నీ కాళ్ళు పట్టుకుంటున్నా తాతా. గ్రంథాలయం డాబా మీద పలకలు బిగించాం. కింద కరెంటు ఇస్త్రీపెట్టె పెట్టాం. ఒక్కరోజొచ్చి చెయ్యమంటే...”

“చేతికి పట్టు కుదరాలి కదే. ఈ బొగ్గుల పెట్టెతో మీ నానమ్మకన్నా ముందునుంచీ కాపురం నాది.”

“సరే, కాపురం చేసుకో. అవునూ, ఆ ఒక్క చొక్కా ఎంతసేపు రుద్దుతావు? నేనొచ్చినప్పట్నుంచీ అదే.”

“ముడత మొండిది.”

“మొండిదా? ఆగాగు. పొగ రావట్లేదేంటి? ఏదీ... తాతా! పెట్టె చల్లగా ఉంది!”

“ఉండదూ మరి? నిన్నట్నుంచీ నిప్పే వెయ్యలేదు.”

“మరి బట్టలేవి? బండంతా ఖాళీగా ఉందే!”

“గ్రంథాలయంలో, నీ పలకల కింద. నువ్వు ఇళ్ళు పట్టుకు తిరుగుతుంటే నేనక్కడ ఆ కొత్త పెట్టెని మచ్చిక చేసుకున్నా. మంచిదే, కాస్త పొగరెక్కువ.”

“వీధి బట్టలన్నీ అక్కడే చేశావా?”

“అన్నీ. నాలుగింటికి అక్కడికే వచ్చి పట్టుకెళ్ళమని ఇందాకే కబురెట్టా. మూడో ఇంటావిడ మొగుణ్ణి అడగనే లేదు, ‘వస్తున్నా’ అంది.”

“నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!”

“చెప్తే ఇంతసేపు తిట్టేదానివా? మంచి కాలక్షేపం పోయేది.”

“చేతులెత్తుతారంటావా?”

“అది వాళ్ళిష్టం. బట్టలు చేతికివ్వడం వరకే నా పని. ఏ కరెంటుతో చేశానో కళ్ళారా చూస్తారుగా.”

“డిపో ఆయన ఊరుకోడు తాతా. లేచి మళ్ళీ ఆ చొక్కా మాటే అంటాడు.”

“అననీ. లేచి నిలబడే అనాలి. వెనక వరసకి కూడా కనబడాలి.”

“ఎందుకూ?”

“సభకి వేసుకోవాలని నిన్న నాకిచ్చి, ఇందాకే మనిషిని పంపి తెప్పించుకున్నాడే తెల్లచొక్కా, అది నీ ఎండతో ఇస్త్రీ చేసిందేనే పిచ్చిపిల్లా!”