శివారు గదులు

బెజవాడలో ఒక రికార్డింగ్ గది. వీడియో గేమ్ కథ రాసిన అమ్మాయి, అందులో ముసలమ్మకి గొంతివ్వడానికి కృత్తివెన్ను నుంచి వచ్చిన పెద్దావిడ మాట్లాడుకుంటున్నారు.

“భూమి వదిలి నాలుగు తరాలైందండీ. వీళ్ళందరూ ఈ అంతరిక్ష నౌకలోనే పుట్టారు.”

“మరి వెనక గదుల్ని శివారంటారేంటమ్మా? శివారంటే కాలవ చివర కదా?”

“ఎందుకంటున్నారో వాళ్ళకే గుర్తులేదండీ. గేమ్ ఆడేవాళ్ళు అది కనిపెట్టాలి. కాలవలూ పొలాలూ అన్నీ పోయి, ఆ మాటొక్కటే మిగిలింది.”

“మాదీ శివారే. ఎగువ చేలన్నీ తడిశాకే మాకు నీళ్ళు. మీ నౌకలో నీళ్ళు ముందెవరికమ్మా?”

“ముందు గదులకండీ. ట్యాంకు అటే ఉంది.”

“వెనక గదులకో?”

“మిగిలితే... వస్తాయండీ.”

“మరి మాటొక్కటే మిగిలిందంటావేంటమ్మా?”