రెండో చరణంలో తప్పు ఎవరిది

సభకు అధ్యక్షత వహిస్తున్న పాస్టర్ మెరివెదర్ గారికి, డిట్రాయిట్ వాద్యకారుల సంఘం పెద్దలకు, వంటగది గుమ్మంలోంచి తొంగిచూస్తూ నేనెప్పుడు ముగిస్తానా అని కాచుకుని ఉన్న సోదరీమణులకు, ఇవాళ్టితో ఉద్యోగం విరమిస్తున్న మన వెర్నెట్టక్కకు, ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్న నా భార్య లొరీన్‌కు నమస్కారాలు. వేయించిన చేపలు చల్లారకముందే దిగిపొమ్మని పాస్టర్ గారి ఆజ్ఞ. పాస్టర్ గారూ, ప్రతి ఆదివారం మీరు మాట్లాడుతుంటే మా ఇళ్ళలో వండిన కోళ్ళు ఎన్నిసార్లు చల్లారాయో గుర్తుచేసుకుని కాస్త ఓపిక పట్టండి. (నవ్వులు)

వెర్నెట్టక్క ముప్ఫై ఒక్క ఏళ్ళు మన సంఘం ఆఫీసులో అర్జీలు తీసుకునే కిటికీ వెనక కూర్చుంది. మా రోజుల్లో రికార్డు అట్ట మీద పాడినవాళ్ళ పేరు వేసేవారు, కంపెనీ పేరు వేసేవారు, ఫొటో తీసినవాడి పేరు వేసేవారు, వాయించినవాళ్ళ పేర్లకి మాత్రం చోటు సరిపోయేది కాదు. అందుకని ఏ పాటలో ఎవరు వాయించారన్న తగువులన్నీ అర్జీలై ఆ కిటికీకే వచ్చేవి. అందులోనూ బేస్ గిటార్ వాళ్ళం మేమే ఎక్కువ. ఉన్నవి నాలుగే తీగలు, మిగతా సమయమంతా అర్జీలు రాయడానికే.

'గురువారం దాకా ఆగు' పాట మీకందరికీ తెలుసు. అరవై ఆరులో వచ్చింది. మీలో సగం మంది దానికి డాన్సు చేస్తూ పెళ్ళాడారు, మిగతా సగం ఆ డాన్సుల పుణ్యమా అని పుట్టారు. క్షమించండి పాస్టర్ గారూ. (నవ్వులు) ఆ పాటలో బేస్ నేనే వాయించానని తొమ్మిది మంది అర్జీలు పెట్టారు. ఆ స్టూడియో గదిలో పియానో ఉంటే మనిషి పక్కకి తిరగలేడు. తొమ్మిది మంది బేస్ వాళ్ళు అందులో ఉండి ఉంటే, పాపం గాయని డెలోరిస్ వీధిలో నిలబడి పాడి ఉండాలి. ఆ తొమ్మిదిలో ఒకడు అప్పుడు జర్మనీలో సైన్యంలో ఉన్నాడు, సెలవు మీద వచ్చి వాయించి వెళ్ళానంటాడు. ఇంకొకడికి అప్పటికి పదకొండేళ్ళు. తలదించుకోకు నాయనా, నీ పేరు చెప్పనులే.

తొమ్మిదిలో మొదటివాణ్ణి నేను. నాదే గట్టి అర్జీ, ఎందుకంటే ఆ రోజు హాజరు కాగితంలో ఉన్నది నా పేరు, అలోంజో ట్రెడ్‌వెల్.

ఒక మధ్యాహ్నం వెర్నెట్టక్క మా తొమ్మిది మందినీ ఇదే హాల్లో కూర్చోబెట్టి, ఒక గిటార్ చేతికిచ్చి ఒక్కొక్కరినీ వాయించమంది. ఒకణ్ణి మించి ఒకడు వాయించాడు. ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో అదే వాయిస్తున్నాం కదా మరి. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బానే ఉంది గానీ, రెండో చరణంలో తప్పేదీ?" అంది.

తెలియనివాళ్ళకి చెబుతాను. రికార్డులో రెండో చరణం మధ్యలో బేస్ ఒక్క స్వరం పక్కకి పడుతుంది. ఎవరో పెద్దాయన దాని మీద పుస్తకంలో ఆరు పేజీలు రాశాడు, అందులో మన నల్లజాతి దుఃఖమంతా ఉందట. మేం తొమ్మిది మందిమీ ఆ దుఃఖాన్ని శుభ్రంగా దిద్దేసి వాయించాం.

"తప్పు చేసినవాడు ఇక్కడికి రాలేదయ్యా. వచ్చినవాళ్ళంతా ఒప్పులే" అని ఫైలు మూసేసింది.

ఇవాళ అయిదింటికి ఆ కిటికీ కూడా మూసేస్తారు. స్టూడియో ఉన్న చోట గోడకి పెట్టే ఇత్తడి పలక తయారవుతోంది. తేలని తగువుల్లో హాజరు కాగితమే ప్రమాణం కనుక, పలక మీద నా పేరే ఎక్కుతుంది. కాబట్టి నేను నోరు మూసుకుని చేపలు తింటే చాలు.

కానీ పోయిన మంగళవారం హోజియా గాంట్ ఈ హాల్లో పియానో శ్రుతి చేయడానికి వచ్చాడు. అదుగో, ఆఖరి వరుసలో, గోధుమరంగు కోటు. రేడియోలో ఆ పాట వచ్చింది. రెండో చరణం రాగానే పని ఆపి లేచి, రేడియో గొంతు తగ్గించి, ఆ ఒక్క స్వరం దాటాక మళ్ళీ పెంచి, వచ్చి కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ముప్ఫై మూడేళ్ళుగా ఆ మనిషి అలా లేచి వెళ్ళి తగ్గిస్తున్నాడు. నాకు సిగ్గేసింది.



అరవై ఆరులో ఆ పాట రికార్డు చేసిన రోజు పొద్దున, ఫొటో తీసేవాడు వస్తాడని విని, నేను మంగలి కుర్చీలో జుట్టు సాపు చేయించుకుంటున్నాను. స్టూడియోలో నా గిటార్ ఉంది, నా కుర్చీ ఉంది, ముందుగానే టైపు చేసిన కాగితంలో నా పేరుంది. నేనొక్కణ్ణే లేను. పియానో శ్రుతి చేయడానికి వచ్చిన హోజియా చర్చిలో బేస్ వాయిస్తాడని ఎవరో చెబితే, లాక్కొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టారు. గిటార్ నాది, తీగలు నావి, వేళ్ళు ఒక్కటే హోజియావి. ఇన్నాళ్ళూ ఈ లెక్కతోనే నేను నిద్రపోయాను.

ఏమిటి లొరీన్? ... "నాకెప్పుడో తెలుసు, ఇంట్లో నీ వాయింపు వింటూనే ఉన్నాగా" అంటోంది. (నవ్వులు) ఆ పాట చూసి నన్ను చేసుకున్నావనుకున్నానే.

హోజియా, లేచి నిలబడకు, ఎక్కడికీ వెళ్ళకు. ... "కూర్చోవోయ్ అలోంజో, అది నీ పేరు మీదే ఉండనీ" అంటున్నాడు. విన్నారా? నేను గొప్ప కోసం అతని పాట పట్టుకున్నాను. తప్పు దాచుకోవడానికి అతను నా పేరు పట్టుకున్నాడు.

ఇంకొక్క మాట మిగిలింది, ఇది హోజియా కూడా ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. రికార్డింగు నడుస్తోందని ఎర్రదీపం వెలుగుతుంటే స్టూడియో తలుపు తీయకూడదు. నేను తీశాను, కొత్త జుట్టుతో. రెండో చరణం నడుస్తోంది. కుర్చీ గలవాడు వచ్చాడని హోజియా తలెత్తి చూశాడు, వేలు జారింది. డెలోరిస్ మళ్ళీ అంత బాగా పాడలేదు కనుక అదే ఉంచేశారు. నువ్వు తప్పు వాయించలేదు హోజియా. నేను తలుపు తీశాను. ఇకమీదట రేడియో తగ్గించకు.

వెర్నెట్టక్కా, గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఆ ఫైలు నీ సంచిలోనే ఉందని నాకు తెలుసు. నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను, ఇలా రాయి. బేస్ గిటార్, హోజియా గాంట్. రెండో చరణంలో తప్పు, అలోంజో ట్రెడ్‌వెల్. ఆ రికార్డులో నాదంటూ ఉన్నది అదొక్కటే, దాన్ని ఇంకెవరికీ ఇవ్వకు.

ఇంతసేపు విన్న మీకందరికీ, చేపలు మళ్ళీ వేడిచేస్తున్న సోదరీమణులకీ కృతజ్ఞతలు. సెలవు.